దేవుడి గూడు ఖాళీగా ఉన్న ఇల్లు

మాకని ఒప్పుకొన్న గదిని మరొకరికి ఇచ్చివేశారని తెలిసేసరికి పొద్దు వాలుతోంది. గండకీ నది పారే ఆ ఇరుకు లోయను ఎండ అప్పటికే విడిచి, ఎదుటి కొండ నడుము మీదికి వెళ్లిపోయింది. లాడ్జి మెట్ల మీద మా సామాను, ఆ సామాను మీద చతికిలబడిన ఎనిమిదేళ్ల మనుమరాలు, పక్కన నా భార్య. లోపల యజమానితో హిందీలో వాదిస్తున్న మా అమ్మాయి. మేము నలుగురం దమ్మపేటనుండి బయలుదేరి నేపాల్‌లోని ముక్తినాథానికి పోతున్నాము. సాలగ్రామాలు దొరికే ఆ నదిలో ఒక్కసారి చేతులు ముంచాలన్నది నా భార్య చిరకాల వాంఛ. నేను బడిలో తెలుగు పండితుడిగా పనిచేసి విరమించినవాడిని. అమ్మాయి సత్తుపల్లిలో బ్యాంకు ఉద్యోగిని. అల్లుడికి సెలవు దొరకలేదు. తల్లికీ పిల్లకూ కలిసివచ్చే సెలవులు దసరావే. ఆ రోజుల్లో అక్కడా పెద్దపండుగేనని, యాత్రికులు ఆ కొండలను కమ్ముకొనే కాలమూ అదేనని తెలియకుండా బయలుదేరాము.

"నాన్నా, ఎక్కువ ఇచ్చెటోళ్లు దొరికిన్రంట. మన రూము వాళ్లకిచ్చిండు," అన్నది అమ్మాయి బయటికి వచ్చి.

"గట్లెట్ల ఇస్తడు? ఫోన్ల ఒప్పుకున్నడు గద," అన్నది నా భార్య.

"ఫోన్ల ఒప్పుకున్నది వాళ్ల తమ్ముడంట. ఆ తమ్ముడు పండుగకు అత్తగారింటికి పోయిండంట."

"వాడు అత్తగారింట్ల దుప్పటి కప్పుకొని పండుకుంటడు, మనం మెట్ల మీద పండుకోవాల్నా?"

ఆ ఊరికి ఉన్నది ఒకటే వీధి. దాని ఈ చివరనుండి ఆ చివరవరకు తిరిగాము. కొన్ని లాడ్జీలు నిండిపోయాయి; నిండని ఒకటి రెండింటి కిరాయి వింటే, అక్కడ పడుకొని మరునాడు ఇంటిదారి పట్టడం తప్ప మరొకటి సాధ్యంకాదనిపించింది. చివరకు మమ్మల్ని తెచ్చిన జీపు డ్రైవరే జాలిపడి ఎవరికో ఫోను చేశాడు. ఇల్లు ఉంది, పైన, అని కొండవైపు చెయ్యి చూపాడు. అతడు చెప్పిన కిరాయి విని, అది ఒక్క మంచానికా అని అమ్మాయి మరల అడిగింది. ఇల్లంతటికీ అన్నాడతడు.

ఆ ఇల్లు ఊరికి ఎగువన, కొండను తొలిచి చదును చేసిన మిట్ట మీద ఉంది. రాతి గోడలు, పలకరాతి కప్పు, రెండు గదులు, ముందు పొడవైన వసారా. ఇంటి వెనుక ఎర్రమట్టి కొండ గోడలాగా నిలువునా లేచింది. దాని అడుగున ఒక ఊట. ఊట నీళ్లు సన్నని గొట్టం గుండా తొట్టిలో పడుతున్నాయి. ఇంటి ఇల్లాలికి నలభై ఏళ్లుంటాయి. భర్త ఎడారి దేశంలో పనికి పోయాడట. ముసలి అత్తగారితో తాను కింద నది ఒడ్డున ఉన్న రేకుల షెడ్డులో పడుకొంటానని అమ్మాయికి చెప్పి, తాళంచెవి ఇచ్చి వెళ్లిపోయింది.

అందులో నాకు వింత ఏమీ తోచలేదు. భద్రాచలంలో నవమినాటి కల్యాణానికి ఊరు నిండినప్పుడు, నన్ను పెంచిన మా మేనత్త తన పడకగదిని యాత్రికులకిచ్చి తాను వంటింటి ముందు చాప పరచుకొనేది. ఆ వీధిలో అందరూ అంతే. ఉన్నంతలో మంచి చోటు అతిథికి, మిగిలిన చోటు ఇంటివారికి. పరదేశంలో, భాష తెలియని చోట, ఆ మర్యాద మరల ఎదురైనందుకు నా మనసు కరిగింది.

పైగా ఆ ఎత్తు నాకు నచ్చింది. గోదావరి వరదలు చూసి పెరిగినవాడు ఏ చోటికి వెళ్లినా మొదట చూసేది ఆ చోటు నీటికి ఎంత ఎగువన ఉన్నదనే. వసారాలో నిలబడి చూస్తే నది చాలా కింద, బూడిదరంగులో, బండలమీద తెల్లగా విరుగుతూ పోతోంది. ఆ అంచున రేకుల షెడ్డు అగ్గిపెట్టె అంత కనబడుతోంది. ఏటి నోట్లో తల పెట్టి ఎట్లా నిద్రపోతారో అని ఆ అత్తాకోడళ్లమీద జాలిపడ్డాను.

లోపలి గదిలో గోడకు దేవుడి గూడు ఉంది. దాని అంచుల నిండా కుంకుమ మరకలు, పైన దీపపు మసి. గూడు మాత్రం ఖాళీ. పటాలు ఆనుకొని ఉన్నంత మేర గోడ తెల్లగా ఉంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు పడుకొనే చోట దేవుళ్లను ఉంచడం ఇష్టంలేక ఆ ఇల్లాలు తీసుకుపోయి ఉంటుందనుకొన్నాను; ఆమె నిష్ఠను మెచ్చుకొన్నాను కూడా. నా భార్య తన సంచిలోనుండి చిన్న రాములవారి పటం తీసి అందులో పెట్టి దణ్ణం పెట్టుకొంది.

మరునాడు తెల్లవారేసరికి వాన పట్టుకొంది. ఎగువన దారిమీద రాళ్లు పడ్డాయని, జీపులు కదలవని డ్రైవరు ఫోనులో చెప్పాడు. మనుమరాలికి ఒళ్లు వెచ్చబడింది. అమ్మాయి తెచ్చుకొన్న మాత్ర వేసి పడుకోబెట్టింది. బయట ఎదుటి కొండ కనబడటం మానేసింది. తరువాత నది కనబడటం మానేసింది. దాని హోరు మాత్రం వానలో కలిసి, ఏది వానో ఏది నదో తెలియకుండా వచ్చేది.

"ఈ తలుపుకు ఏమైంది, గడియ పడుతలేదు," అన్నది నా భార్య.

నేను వెళ్లి చూశాను. రాత్రి మెత్తగా పడిన గడియ ఇప్పుడు తన రంధ్రానికి వేలెడు దిగువన ఆగిపోతోంది.

"వానకు చెక్క ఉబ్బి ఉంటది," అన్నాను.

"అవ్, ఉబ్బితే పైన సందు ఎందుకొస్తది?"

నిజమే, తలుపుకూ ద్వారబంధం పైపట్టెకూ నడుమ వెలుగు కనబడుతోంది. తలుపుకు ఒక స్టూలు అడ్డం పెట్టి, ఆ సంగతి అంతటితో విడిచిపెట్టాము. మధ్యాహ్నానికి ఆ తలుపు గడపను రాచుకొని, తెరవడానికి భుజం ఆనించవలసి వచ్చింది.

ఆ తరువాత ఊట. ఉదయం తేటగా ఉన్న నీళ్లు భోజనాల వేళకు టీ రంగుకు తిరిగాయి. వాననీరు కలిసిందనుకొన్నాము. కొంతసేపటికి గొట్టంనుండి మట్టి ముద్దలు రెండు పడ్డాయి. అటుపైన ధార సన్నగిలి, నిలిచిపోయింది. ఆకాశం కుండపోతగా కురుస్తుంటే ఊట ఎండిపోవడం నేను ఎన్నడూ చూడలేదు. తొట్టి పక్కన నిలబడి ఆ ఖాళీ గొట్టాన్ని చాలాసేపు చూశాను. అది చూస్తున్నంతసేపూ వెనుక ఎవరో నిలబడి నన్ను చూస్తున్నట్టు తోచింది. తిరిగితే కొండ తప్ప ఏమీ లేదు.

పిల్లకు పాలు అడగడానికి, నీళ్ల సంగతి చెప్పడానికి, గొడుగు పట్టుకొని మెట్లు దిగి షెడ్డుకు వెళ్లాను. ఆ ఇల్లాలు పొయ్యి దగ్గర ఉంది. ముసలావిడ మంచంమీద కూర్చుని ఉంది. కళ్లు ఆ చీకటికి అలవాటుపడ్డాక చూస్తే, అది రెండు రాత్రులకోసం సర్దుకొన్న చోటులా లేదు. మూలన తిరగలి ఉంది, రాతి పీఠంతో సహా. ఇనుప పెట్టెలు ఒకదానిమీద ఒకటి. దూలాలకు విత్తనపు మొక్కజొన్న కంకులు గుత్తులుగా వేలాడుతున్నాయి. వాటికి పొయ్యిపొగ పట్టి అడుగు నల్లబడింది. అంత నలుపు ఒకటి రెండు రోజుల్లో పట్టేది కాదు. ఎత్తయిన పలకమీద, ఎర్రగుడ్డ పరచి, దేవుళ్లందరూ ఉన్నారు. వారి ముందు దీపం వెలుగుతోంది.

నాకు వచ్చిన కొద్దిపాటి హిందీలో, మీరు పైన ఎందుకు ఉండటంలేదని అడిగాను.

పైన మీరున్నారు కదా అన్నది.

మేము రాకముందు, అని అడిగాను.

ఆమె పాలగిన్నె అంచును కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. వాన ఆగితే అంతా బాగుంటుందన్నది. ముసలావిడ కోడలి మొహం చూసి, నా చేతిలోని పాలగిన్నె చూసి, గోడవైపు తిరిగి పడుకొంది.

పైకి వచ్చేటప్పుడు ముందరి మెట్ల దారిన కాక, ఇంటి పక్కనుండి వెనుక గట్టు ఎక్కాను. కప్పుకు కాస్త ఎగువన, కొండ పొడుగునా గడ్డి వేళ్లతో సహా చీలి ఉంది. బెత్తెడు వెడల్పు. పైనుండి జారి వచ్చే వాననీరు ఆ చీలికవరకు వచ్చి, చప్పుడు లేకుండా లోపలికి దిగిపోతోంది. అవతలికి ఒక్క చుక్క రావడంలేదు.

లోపలికి వచ్చి, కిందికి పోదాం, షెడ్డులో పడుకొందాం అన్నాను.

నా భార్య నన్ను ఎగాదిగా చూసింది. "నీళ్లంటే ఊరవతలికి ఉరికే మనిషి, ఇయ్యాల ఏటంచున పండుకుందామంటున్నరు. ఏమైంది మీకు?"

"గోడ వెనుక కొండ చీలింది. చూసి వస్తున్న."

"పిల్ల ఒళ్లు కాలుతున్నది. గింత వానల ఎవరు మోస్తరు?"

"నేను మోస్త."

"మీ మోకాళ్లు మిమ్మల్నే మోస్తలేవు."

"అమ్మా, కింద ఆ ఏరు చూసినవా, షెడ్డు దాకా వస్తే ఏం చేస్తం?" అన్నది అమ్మాయి, తల్లిని అడుగుతున్నట్టు నన్ను అడుగుతూ.

అదే ప్రశ్న నన్నూ పీడిస్తోంది. నీటి భయం నాకు పుట్టుకతో వచ్చినది. దాని అడుగుల చప్పుడు నాకు తెలుసు. ఈ మట్టి భయం నేటిది. దీనికి చప్పుడు ఉంటుందో ఉండదో కూడా తెలియదు. రెండింటి నడుమ జ్వరంతో మూలిగే పిల్ల. ఏది చెప్పినా తప్పయితే దిద్దుకొనే వీలు ఉండదు.

"వాళ్ల దేవుళ్లు కింద ఉన్నరు," అన్నాను. "తిరగలి గూడ కిందనే ఉన్నది. మన కోసం దిగినోళ్లు కాదు. మనకన్న చాన ముందే దిగిన్రు."

గోదావరి ప్రమాద హెచ్చరికలు దాటి పెరిగే రోజుల్లో మా మేనత్త ఇంట్లో మొదట కదిలేది దేవుడి పెట్టె. బియ్యం తరువాత, బట్టలు తరువాత. ఇల్లు విడవాలా వద్దా అని మగవాళ్లు ఇంకా తర్కించుకొంటూ ఉండగానే ఆ పెట్టె ఆమె నెత్తికెక్కేది. దేవుళ్లు కదిలిన ఇంట్లో ఆపైన ఎవరూ పడుకొనేవారు కారు. ఈ సంగతి నా భార్య పెళ్లయిన తొలి వానకాలంలోనే కళ్లారా చూసింది. ఆమె లేచి, గూటిలోనుండి రాములవారి పటం తీసి కొంగున ముడివేసుకొంది.

"తువ్వాల తియ్యి, పిల్ల నెత్తికి కప్పుదాం," అన్నది అమ్మాయితో.

వెలుగు ఉండగానే దిగాము. అమ్మాయి పిల్లను ఎత్తుకొంది. షెడ్డు వాకిట్లో మమ్మల్ని చూసి ఆ ఇల్లాలు ఏమీ అడగలేదు. ఎందుకు వచ్చారని గాని, ఇల్లు బాగాలేదా అని గాని అడగలేదు. పెట్టెలు జరిపి చోటు చేసింది. అడగకపోవడమే నన్ను ఎక్కువగా భయపెట్టింది. ఆ రాత్రి నది హోరు పక్కన నాకు కన్ను మూతపడలేదు.

తెల్లవారేసరికి వాన వెలిసింది. పిల్లకు జ్వరం దిగింది. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. పైన, మిట్ట మీద, ఇల్లు చెక్కుచెదరకుండా నిలబడి ఉంది.

"చూసిన్రా, ఎట్లున్నది అట్లనే ఉన్నది," అన్నది నా భార్య. ఆ గొంతులో ఎత్తిపొడుపు ఎంత ఉందో ఊరట ఎంత ఉందో చెప్పలేను.

దారి తెరిచారు, కొంతసేపే వదులుతారు, తొందరగా రమ్మని డ్రైవరు వచ్చాడు. అతని వెనుకనే మరొక జీపు ఆగింది. అందులోనుండి తెలుగు మాటలు వినబడ్డాయి. భార్య, ఇద్దరు పిల్లలు, కర్ర పట్టుకొన్న తల్లితో కోనసీమ వైపు మనిషి. ఆ ఇల్లాలు అప్పటికే తాళంచెవి చేతిలో పట్టుకొని ఎదురువెళ్లింది.

"ఆ ఇల్లు వద్దు నాయనా," అన్నాను అతనితో. "వెనుక కొండ చీలి ఉంది."

"నిలబడే ఉంది కదండీ మాస్టారూ."

"రండి, చూపిస్తాను."

వచ్చాడు. ఇద్దరం గట్టెక్కాము. చీలికను చూశాడు, కాలితో గడ్డిని అటూఇటూ కదిపాడు. "మా ఏటిగట్టుకి ఏటా ఇంతకంటే పెద్ద పగుళ్లు పడతాయండీ," అన్నాడు. కిందికి దిగుతూ, మర్యాదగానే, గొంతు తగ్గించి అడిగాడు: "ఏమనుకోకండి, అద్దె దగ్గర ఆవిడకీ మీకూ ఏమైనా మాట తేడా వచ్చిందాండీ?"

"లేదు. తలుపు గడియ పడటంలేదు, ఊట ఆగిపోయింది. నా మాట వినండి."

"పిల్లలు రాత్రంతా జీపులోనే కూర్చున్నారండీ. మా అమ్మ కాళ్లు చూడండి, ఎలా వాచిపోయాయో. ఊళ్లో అడిగొచ్చాం, ఎక్కడా లేవు. ఈ ఒక్క రాత్రి నడుం వాల్చనివ్వండి."

షెడ్డులో చోటు చేయమని నేను ఆ ఇల్లాలిని హిందీలో బతిమాలాను. ఆమె మా సంచులు ఇంకా ఉన్న మూలను చూసింది, అత్తగారిని చూసింది, జీపు దిగిన అయిదుగురినీ చూసింది. కిరాయి వచ్చే పండుగ ఈ నాలుగు రోజులే కదా అన్నది.

డ్రైవరు హారను మోగిస్తున్నాడు. అమ్మాయి నా చెయ్యి పట్టుకొని జీపు ఎక్కించింది. బండి మలుపు తిరిగేముందు వెనుదిరిగి చూశాను. ఆ కుటుంబం వసారాలో తడిబట్టలు ఆరవేస్తోంది. పిల్లలు ఒకరి వెనుక ఒకరు లోపలికీ బయటికీ పరుగెడుతున్నారు. ఇల్లాలు పరుపుల చుట్ట భుజాన మోసుకొని మెట్లెక్కింది. వసారా అంచుదాకా వెళ్లి, పరుపులు అక్కడే దించి, లోపలికి రమ్మని కొత్తగా దిగినవాళ్లు పిలుస్తున్నా అడుగు ముందుకు వేయకుండా, ఎక్కినదానికంటే వేగంగా దిగిపోయింది.