దుర్గం చెరువు ఒడ్డున పండుగప్ప: అమీర్‌పేట నుంచి అంత దూరం వెళ్ళాలా?

నీళ్ళ ఒడ్డున కూర్చుని చేపలు తినే హోటళ్ళ కోసం ఊరికి ఆ చివరి దాకా వెళ్ళడం దండగని నేను ఎప్పుడూ అనుకునేదాన్ని. మాది అమీర్‌పేట. సందు దాటితే చాలు, వేపుడు వాసన వచ్చే మెస్సులు వరసగా ఉంటాయి. మంచి చేప తెచ్చి వండుకోవాలంటే పంజాగుట్ట వైపు రెండు మూడు కొట్లు ఉండనే ఉన్నాయి. సముద్రం లేని ఊళ్ళో చెరువు పక్కన కూర్చుని సముద్రపు చేప తినడంలో అర్థమేమిటని మా ఆయన నర్సింహ కూడా అనేవాడు. అయినా మొన్న ఒక గురువారం మేమిద్దరం సగం రోజు సెలవు పెట్టి మరీ వెళ్ళాం. అక్క అడిగింది కాబట్టి వెళ్ళాం.

మా అక్క విజయ కాకినాడ దగ్గర సముద్రపు ఒడ్డు ఊళ్ళో ఉంటుంది. గొంతులో గడ్డ ఉందని తేలాక వైద్యం కోసం మా ఇంటికి వచ్చింది. పంజాగుట్టలోని ఆసుపత్రిలో ఆపరేషన్, ఆ తర్వాత వారాల తరబడి రేడియేషన్. అన్నీ అయిపోయి నెలలు గడిచాయి, జబ్బు నయమైందన్నారు. కానీ ఆమె నాలుకకు రుచి మాత్రం తిరిగి రాలేదు. ఏం పెట్టినా తడిసిన దూది నమిలినట్టుందనేది. నోరు ఎండిపోయి ముద్ద ముద్దకీ నీళ్ళు తాగాలి. మధ్యలో కొన్నాళ్ళు ముక్కులోంచి గొట్టం వేసి పాలు, జావ పంపారు. అది తీసేసిన రోజు అక్క చిన్నపిల్లలా ఏడ్చింది. ఇప్పుడు మళ్ళీ బరువు తగ్గుతోందనీ, సోమవారం చూపించుకునేటప్పటికి కాస్తయినా పెరగకపోతే గొట్టం మళ్ళీ వేయక తప్పదనీ డాక్టరుగారు చెప్పారు.

ఆ వారమంతా నేను చేయని వంట లేదు. అక్క కంచం ముందు కూర్చునేది, రెండు ముద్దలు మింగి లేచిపోయేది. బుధవారం సాయంత్రం ఫోనులో ఏదో వీడియో చూస్తూ, "ఇదెక్కడే? మీ ఊళ్ళోనేనా?" అని అడిగింది. చెరువు ఒడ్డున ఒక హోటలు, నీళ్ళ మీద దీపాల నీడలు, పళ్ళెంలో ఎర్రగా కాల్చిన చేప. దుర్గం చెరువు దగ్గరని చెప్పాను. "ఒకసారి అక్కడికెళ్దామే. నీళ్ళు చూసి ఎన్నాళ్ళయిందో" అంది. మా ఇంటికి వచ్చాక తనంతట తాను ఏదైనా కావాలని అడగడం అదే మొదలు.

"చేపలు ఈడ దొరకవా వదినా? గంత దూరం పోయి అలసిపోతవ్" అన్నాడు నర్సింహ. అక్క ఫోను బోర్లా పెట్టేయడం చూసి, "సరే, రేపు పోదాం. నేను మధ్యాహ్నానికే వచ్చేస్త" అన్నాడు.

మూడు దాటాక బయలుదేరాం. కారు మాట్లాడుకుంటే జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గరి ట్రాఫిక్‌లోనే సగం ప్రాణం పోతుంది, అందుకే మెట్రో ఎక్కాం. అమీర్‌పేట స్టేషన్లో రెండు లైన్లు కలుస్తాయి, ఎప్పుడు చూసినా జాతరలా ఉంటుంది. నీరసంగా ఉన్నవాళ్ళు వెంట ఉంటే మెట్ల జోలికి పోకుండా లిఫ్టు వెతుక్కోండి. రాయదుర్గం వైపు వెళ్ళే రైలు పట్టుకుంటే దుర్గం చెరువు స్టేషనుకు సుమారు ఇరవై నిమిషాలు. టికెట్టు మనిషికి యాభై లోపే. మధ్యాహ్నం కావడంతో ముగ్గురికీ సీట్లు దొరికాయి. అక్క కిటికీ వైపు తిరిగి, సీసాలోంచి గుక్క గుక్కగా నీళ్ళు తాగుతూ కూర్చుంది.

స్టేషను బయట ఆటో మాట్లాడుకున్నాం, నూట ఇరవైకి ఒప్పుకున్నాడు. బోరబండలో ఉంటానని చెప్పిన ఆ డ్రైవరు పెద్దమనిషి, కాస్త దూరం పోయాక అద్దంలోంచి మా వైపు చూశాడు. "చేపలు తినెటందుకా అక్కా?" అని అడిగాడు. అవునన్నాను. "చేపల ముచ్చట నాకు తెల్వదు గని, గాలి మాత్రం మస్తుంటది. నేను తీస్కపోయినోళ్ళల్ల సగం మంది నీళ్ళు చూసెటందుకే పోతరు" అన్నాడు. అక్క చిన్నగా నవ్వి, "నేనూ ఆ సగంలోదాన్నేనండి" అంది.

ఇక్కడ మేము చేసిన పొరపాటు చెప్పాలి. నాలుగింటికి చేరేసరికి హోటల్లో వంటగది మూసి ఉంది. మధ్యాహ్నం భోజనాలు మూడున్నరకే ముగుస్తాయట, మళ్ళీ పొయ్యి వెలిగేది ఆరున్నరకు. పైగా నీళ్ళ వైపు బల్లలన్నీ ముందే మాట్లాడుకున్నవాళ్ళవి. వెనక్కి వెళ్ళిపోదామా అని నేనూ నర్సింహా ముఖాలు చూసుకుంటుంటే, అక్కడ వడ్డన చూసుకునే కెప్టెన్ మా దగ్గరికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, అందరూ సలీం భాయ్ అని పిలుస్తున్నారు. అక్క మెడకు చుట్టుకున్న కండువా, చేతిలో నీళ్ళ సీసా చూసి ఏమనుకున్నాడో, "ఇటు రాండ్రి అమ్మా. ఈ టేబుల్ వాళ్ళు ఎనిమిదికి వస్తరు. అప్పటిదాక మీరు కూసోండ్రి, ఫికర్ లేదు. చాయ్ తెప్పిస్త" అన్నాడు.

అలా ఏ తొందరా లేకుండా రెండు గంటలకు పైగా నీళ్ళ పక్కన కూర్చున్నాం. ఎదురుగా రాళ్ళ గుట్టలు, వాటి వెనక అద్దాల ఆఫీసులు, ఒక పక్క కేబుల్ బ్రిడ్జి. కొంగ ఒకటి ఒడ్డు వెంట నడుస్తూ ఆగుతూ, మళ్ళీ నడుస్తూ ఉంది. అక్క ఊరి సంగతులు చెప్పింది. బావగారు కొట్టు కట్టేసి వచ్చేసరికి చేపల బండి ఇంటి ముందుకొచ్చేదట. వేటకెళ్ళిన పడవలు రాని రోజు వీధి మొత్తం పప్పుచారు వాసన వచ్చేదట. నర్సింహ కూడా తన చిన్నప్పుడు చెరువు ఎండితే బురదలో దిగి చేపలు పట్టిన సంగతి చెప్పాడు. "చెరువు చేప నేను తినలేను మరిది గారూ, మట్టి వాసన" అంది అక్క. "అది వాసన కాదు వదినా, దాని రుచే గది" అన్నాడాయన. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. రుచి గురించి అక్క మాట్లాడి చాలా కాలమైంది.

చీకటి పడుతుండగా వంటగది తెరిచారు. ఐసు మీద పరిచిన చేపలు చూపించారు. చందువ, వంజరం, పండుగప్ప. మా ఇద్దరికీ వంజరం ముక్కలు పెనం మీద కాల్చి, రొయ్యలు వేపి ఇవ్వమన్నాం. అక్క కోసం పండుగప్పను కారం, మసాలా లేకుండా ఉప్పూ నిమ్మకాయతో ఆవిరి మీద ఉడికించగలరా అని అడిగాను. "అట్లనే చేయిస్త" అన్నాడు సలీం భాయ్.

పళ్ళేలు వచ్చాయి. బ్రిడ్జి మీద రంగుల దీపాలు అప్పుడే వెలిగాయి, మేమిద్దరం అటే చూస్తున్నాం. అక్క ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది, నీళ్ళు తాగింది. ఇంకో ముక్క తీసుకుంది. తర్వాత చెంచా పక్కన పెట్టేసింది. ఆ చప్పుడుకు ఇటు తిరిగాను.

"మింగలేకపోతున్నావా అక్కా?"

"అది కాదే" అంది గొంతు తగ్గించి. "ఈ చేప తాజాది కాదు. ఐసులో చాలా రోజులుంది. కండ పిండి పిండిగా ఉంది, చివర్లో చేదు తగులుతోంది."

నర్సింహ ముక్క తుంచి నోట్లో వేసుకుని, "బాగనే ఉన్నది గద" అన్నాడు. నేను మాత్రం చేతిలోని ముక్క కంచంలో పెట్టేశాను.

"చేదు తగులుతోందా? నీకు చేదు తెలుస్తోందా?"

అక్క నా వైపు చూసింది. అప్పటిదాకా తనకూ ఆ సంగతి తట్టలేదు. పళ్ళెంలోని నిమ్మచెక్క తీసి నాలుక మీద పిండుకుంది, కళ్ళు మూసుకుంది. "పులుపు" అంది చివరికి. "కొంచెమే. ఎక్కడో దూరాన ఉన్నట్టుంది. కానీ పులుపేనే." కళ్ళలోంచి నీళ్ళు జారుతుంటే కండువాతో తుడుచుకుంది. నర్సింహ తల తిప్పుకుని బ్రిడ్జి వైపు చూస్తూ కూర్చున్నాడు.

దూరం నుంచి చూసి కంగారు పడ్డాడేమో, సలీం భాయ్ గబగబా వచ్చాడు. "ఏమైందమ్మా? బాగలేదా?"

"చేప పాతదండి" అంది అక్క. ఏడుస్తూ, నవ్వుతూ చెప్పేసరికి ఆయనకేమీ అర్థం కాలేదు. నేను క్లుప్తంగా సంగతి చెప్పాను. ఆయన పళ్ళెం వైపు వంగి చూసి, "వైజాగ్ బండి రెండు రోజుల సంది రాలేదమ్మా. అబద్ధం ఎందుకు చెప్పాలె. ఇది తీసేస్త, బిల్లుల వెయ్యను. పొద్దుగాల వచ్చిన కొర్రమీను ఉన్నది, తొట్టిల ఇంకా ఈదుతున్నది. జర కారం తక్కువ వేసి పులుసు పెట్టిస్తనా?" అన్నాడు.

కొర్రమీను అంటే చెరువు చేప. నర్సింహ నవ్వు ఆపుకోలేకపోయాడు. అక్క ఆయన వైపు కొరకొరా చూసి, "పెట్టించండి" అంది.

పులుసు వచ్చింది. మట్టి వాసన అంది. చింతపండు ఇంకాస్త పడాల్సిందంది. మెంతులు మాడాయేమోనని అనుమానపడింది. ఒక్కో వంకా చెబుతూ, మధ్య మధ్యలో నీళ్ళు తాగుతూ, అన్నంలో కలుపుకుని గిన్నె ఖాళీ చేసింది. మేమిద్దరం అడ్డు చెప్పకుండా విన్నాం. ముగ్గురికీ కలిపి బిల్లు మూడు వేల లోపు అయింది. బయలుదేరేటప్పుడు సలీం భాయ్ గేటు దాకా వచ్చి ఆటో పిలిచి, "ఈసారి ఫోన్ చేసి రాండ్రి అమ్మా, బండి వచ్చిన రోజు చెప్త" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో మెట్రో కిక్కిరిసి ఉంది. ఆఫీసు నుంచి వస్తున్న ఒకమ్మాయి లేచి అక్కకు సీటిచ్చింది. యూసఫ్‌గూడ దాటాక అక్క నన్ను దగ్గరికి రమ్మని, "రేపు పంజాగుట్టలో చేపల కొట్టుకి నేనూ వస్తా. నీకు ఏరుకోవడం చేతకాదు" అంది. అన్నట్టే మరునాడు వచ్చింది, చందువలు తనే ఏరింది. వంటింట్లో కుర్చీ వేయించుకుని ఉప్పు చాలదని, మంట తగ్గించమని నా మీద అరిచింది. కారం ఇంకా మండుతుంది, తీపి ఇంకా తెలియదు. కానీ సోమవారం తూకంలో కాస్త పెరిగింది. గొట్టం అక్కర్లేదు, మూడు వారాల తర్వాత రమ్మన్నారు.

మరి అంత దూరం వెళ్ళడం అవసరమా అని అడిగితే, చేప కోసమైతే వద్దనే చెబుతాను. మీ వీధి చివర కొట్టుకూ, చెరువు ఒడ్డు హోటలుకూ చేప వచ్చేది ఆ సముద్రం నుంచే. కానీ ఇంట్లో అక్క ముందు కంచం పెట్టిన ప్రతిసారీ మేమిద్దరం ఆమె నోటి వంకే చూసేవాళ్ళం. ఎన్ని ముద్దలు దిగాయో లెక్కపెట్టుకునేవాళ్ళం. ఆ చూపుల మధ్య ఆమె ఎలా తినగలదో ఒక్కసారీ ఆలోచించలేదు. అక్కడ మా కళ్ళకు చూడ్డానికి నీళ్ళున్నాయి, దీపాలున్నాయి, కొంగ ఉంది. అక్కను కాసేపు ఎవరూ చూడలేదు. ఆమె రోగిలా కాకుండా, డబ్బిచ్చి తింటున్న మనిషిలా నచ్చలేదని చెప్పగలిగింది. నీళ్ళ ఒడ్డు హోటలు ఇచ్చేది అదేననుకుంటాను.

మీరు వెళ్ళాలనుకుంటే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. శని, ఆదివారాలు కాని రోజున, ఆరున్నరకు అటూ ఇటూగా చేరేలా వెళ్ళండి, ముందే ఫోన్ చేసి నీళ్ళ వైపు బల్ల అడగండి. కూర్చున్నాక మెనూ తెరవకముందే, ఈ రోజు ఏం చేప వచ్చిందని అడగండి. మీ వెంట తినలేని మనిషి ఎవరైనా ఉంటే, కారం లేకుండా చేయించి వాళ్ళ ముందు పెట్టి, మీరు కాసేపు చెరువు వైపు చూడండి.