అందరూ బయటకొస్తేనే బ్యాకప్

నేను పనిచేసేది హిందీ ప్రాంతంలోని హథ్‌ఖోజ్‌లో, ఉక్కు ప్లాంటుకి బోల్టులు చేసి పంపే చిన్న ఫ్యాక్టరీలో. స్టాకూ, బిల్లులూ అన్నీ ఒకే పెద్ద కంప్యూటర్‌లో ఉంటాయి. రోజూ సాయంత్రం దానికి బ్యాకప్ తీయడం నా పని. తొమ్మిదో తరగతితోనే బడికి దండం పెట్టేసినవాణ్ణి, హాజరు పిలుపుల గోల ఇక ఉండదనుకున్నాను. ఉంది. ఎవరైనా తమ గదిలోని తెర నుంచి దాని లోపల పనిచేస్తుండగా కాపీ తీస్తే సగం రాసిన బిల్లు సగంగానే పడుతుంది. అందుకని గదిగదికీ తిరిగి "లాగౌట్ చేశారా?" అని అరవాలి. అరిచి అరిచి, రేపు ఉద్యోగం పోయినా సబ్జీమండీలో కూరలమ్ముకుని బతికేసేంత గొంతు సంపాదించాను.

ఈలోగా విజయనగరంలో మరదలి పెళ్లి వచ్చింది. సెలవడిగితే మా యజమాని ఒకటే షరతు పెట్టారు: నేను లేకపోయినా బ్యాకప్ దానంతటదే నడవాలి.

సరే, ప్రోగ్రాం రాశాను. లోపల ఎవరున్నారో అదే చూస్తుంది, బయటకు రమ్మంటుంది. పావుగంట ఏ మీటా నొక్కకపోతే తనే గెంటేస్తుంది. పనిలో ఉన్నవాళ్లను మాత్రం ముట్టుకోదు, వాళ్లకోసం ఆగుతుంది. అందరూ బయటకొచ్చాక సిస్టమ్ మూసి కాపీ మొదలుపెడుతుంది.

మొదటి రోజే ఆగిపోయింది. స్టోర్స్‌లో ఎవరో తెగ పనిచేస్తున్నారట! వెళ్లి చూస్తే గది ఖాళీ. ఎంటర్ మీట మీద గోదాము తాళాల గుత్తి.

స్టోర్స్ చూసే పెద్దాయనది శ్రీకాకుళం. చుట్టరికం లేకపోయినా నాకు మావయ్యే. గేటు దగ్గర పట్టుకున్నాను.

"ఏటి మావయ్యా, తాళాలకి డ్యూటీ వేసీసి నువ్వెళ్లిపోతన్నావా?"

"మరేటి సెయ్యమంటావురా? పొద్దున్నే డిస్పాచ్ కుర్రోళ్లొచ్చి సీట్లన్నీ పట్టీసుకుంటారు. జనరల్ బోగీలో నువ్వు తువ్వాలు ఎయ్యవేటి?"

నిజమే, మా సిస్టమ్‌లోకి ఒకేసారి కొంతమందికే ప్రవేశం. తిట్టాలో నవ్వాలో తెలియక స్టోర్స్‌కి ఒక చోటు విడిగా కేటాయించాను. తాళాలు ఆయన మొలతాడుకి చేరాయి.

మర్నాడు యజమాని పెట్టిన పరీక్ష. సమయమైంది, ప్రోగ్రాం కదలదు. అందరూ గేటు దాటేశారు కదా, ఇంకెవరని చూస్తే తెరమీద యజమాని పేరు! ఆయన గదిలోకి పరిగెత్తాను. కూర్చుని ఎంటర్ కొడుతున్నారు.

"అరే, షురూ అయిందా లేదా అని చూస్తన్నాను. ఇంకా అవదేటి?"

"మీరు చూడ్డం ఆపితే అవుతాది సార్."

"చూడకపోతే అయిందని నాకెలా తెలుస్తాది భయ్యా?"

దీనికి నా దగ్గర ప్రోగ్రాం లేదు. చాయ్ అని చెప్పి బయటకు లాక్కొచ్చాను. ఒకటి కాదు, రెండు తాగించాను, పావుగంట గడవాలి కదా. తిరిగొచ్చేసరికి తెరలన్నీ నల్లబడి, మెషిన్ గదిలో టేపు తిరుగుతోంది. ఆయన మురిసిపోయి మళ్లీ కుర్చీవైపు అడుగు వేయబోతుంటే, సెలవు కాగితం అడ్డంపెట్టి సంతకం చేయించుకున్నాను.

పెట్టె సర్దుతున్నాను గానీ మనసు కుదురుగా లేదు. నేను లేని రోజుల్లో సాయంత్రం ఆయనకి చాయ్ ఎవరు తాగిస్తారు?