రాగితీగ

మొన్న కర్నూలులో మోటార్లు బాగుచేసే అంగడి ముందు కాలిన వార్నిష్ వాసన వచ్చింది. గడప పక్కన పాత రాగితీగ కుప్పగా పడి ఉంది. అమ్మ లేసు దిండు గుర్తొచ్చింది.

దిండు మీద దారం చుట్టిన కర్రపుల్లలను అటూ ఇటూ మారుస్తూ అమ్మ చర్చివాళ్లకు లేసు అల్లేది. పుల్లలు దొర్లిపోకుండా ఒక్కోదాని చివర పూసలు కట్టేది. నా చిన్నప్పుడు ఒక ఏడు నాన్న ఆలూరులో ఇంకొకామెతో కాపురం పెట్టాడు. నాకు మాత్రం పనికి పోయినాడని చెప్పారు.

ఒకరోజు అమ్మ మెడలోని నల్లపూసలు తెంపి ఒళ్లో పోసుకుంది. క్రిస్మస్‌కు పుల్లలను సింగారిస్తోందనుకున్నాను.

"దేంతో కడదాం పాపా?"

దారం ఇచ్చాను.

"తొందరగా తెగుతాది."

ఇనుపతీగ ఇచ్చాను.

"చెమటకు తుప్పు పడతాది. తెల్ల లేసంతా మరకలే."

కాలిపోయిన బోరు మోటారులోని రాగితీగ పరుగున తెచ్చాను. అమ్మ దాన్ని వేలికి చుట్టి చూసింది.

"ఇది మెత్తగుండాది. వంచినట్ల వంగుతాది, పట్టుకున్న పూసను మాత్రం వదల్దు."

పండక్కి నాన్న వచ్చాడు. గడపలోనే ఆగిపోయాడు.

"ఏమే, మెడలో నల్లపూసలు యాడ?"

అమ్మ దిండు మీద నుంచి తలెత్తలేదు.

"పని చేస్తాండాయి. నువ్వు కట్టినప్పటి నుంచి ఊరికే ఏలాడుతుండె."

నాన్న ముఖం నల్లబడింది. అలసిపోయాడనుకున్నాను. నల్లపూసలు కట్టిన ఒక పుల్ల తీసి ఆయన కళ్ల ముందు ఆడించాను.

"తీగ నేనే తెచ్చినా నాన్నా. ఇంక ఊడిపోవు."

మెచ్చుకుంటాడని అలాగే నిలబడ్డాను.