పట్టపగటి దీపం

మాది ఎల్లారెడ్డిలో గానుగ ఇల్లు. నువ్వులు ఆడించి నూనె అమ్ముకునే మా బాపును సర్కారు ఎప్పుడూ మరిచిపోయేది కాదు. ఇంట్లో గానుగ ఉన్నందుకు ఒక పన్ను, నూనెను కామారెడ్డి అంగడికి తీసుకెళ్తే అక్కడ ఇంకొకటి. అడగవచ్చిన జవానుకు నన్ను కన్న అవ్వ చేసిపెట్టే కోడికూర ఏ పన్ను కిందికీ రాదు. వానలు పడక నువ్వులు సరిగా దొరకని ఏడు బాపు పన్ను కట్టలేకపోయాడు.

ఆ ఏడే కామారెడ్డిలో ఒక బట్టల సేటు దివాళా తీశాడు. పెద్దవాళ్ళ దివాళా కూడా పెండ్లిలాగే జరుగుతుంది. మిట్టమధ్యాహ్నం దుకాణం ముందు దీపం వెలిగించి, కూర్చునే పరుపు తిరగేసి, సేటు తల వంచుకుని కూర్చున్నాడు. ఇక నా దగ్గర ఏమీ లేదని చెప్పడానికి అది వాళ్ళ ఆచారం. అప్పులవాళ్ళు వచ్చి, చూసి, నిట్టూర్చి వెళ్ళిపోయారు. సర్కారు మనిషి ఆ గడప తొక్కలేదు. నూనె అమ్మబోయిన బాపు ఇదంతా కళ్ళారా చూసి, దీపం పెడితే చాలుననుకున్నాడు. వెనక గదిలో వకీలు ఉంటాడనీ, సరుకు ముందే బావమరిది ఇంటికి చేరుతుందనీ ఆయనకు ఎవరు చెబుతారు?

పన్ను బాకీ కింద గానుగెద్దును జప్తు చేయడానికి అమీను వస్తున్నాడని తెలిసిన రోజు బాపు తలస్నానం చేసి, గానుగ ముందు పెద్ద ప్రమిదలో నిండుగా నూనె పోసి వెలిగించాడు. మాకు పరుపెక్కడిది? గొంగడి తిరగేశాడు. ఆ నూనెతో ఎన్ని పూటలు కూర వండుకోవచ్చో తలచుకుని అవ్వ నెత్తి కొట్టుకుంది. ఎద్దు పోతే గానుగ ఆగుతుంది, గానుగ ఆగితే మా పొయ్యి ఆరుతుంది. ఆ భయమే బాపు చేత ఆ వేషం వేయించింది.

అమీను దీపాన్ని ఎగాదిగా చూసి, ఇదేమిటని అడిగాడు.

"దివాళా తీసిన, దొరా," అన్నాడు బాపు చేతులు కట్టుకుని.

అమీను నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"పట్టపగలు దీపం పెట్టెటంత నూనె ఉన్నది. పన్ను కట్టెతందుకు లేదా?"

జవాను ఎద్దు పలుపు విప్పాడు. అవ్వ దీపం ఆర్పి, మిగిలిన నూనెను కుండలోకి వంచుకుంది.

చావడి దగ్గర హర్రాజు పెడితే మా ఊరివాళ్ళెవరూ పాట పాడలేదు. తెలిసినవాడి గానుగెద్దును కొనడానికి మొహం చెల్లలేదు వాళ్ళకు. చివరికి కామారెడ్డి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి పాడుకున్నాడు. ఆయన ఎవరో కాదు, దివాళా తీసిన సేటుగారి బావమరిది. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మరునాడు తెల్లవారగానే కాడిని బాపు తన భుజానికెత్తుకున్నాడు. అవ్వ వెనక నుంచి తోసింది. గానుగ కిర్రుమంటూ కదిలింది. ఆ చప్పుడు విని, దారిన పోతున్న జవాను లోపలికి తొంగిచూశాడు.

"గానుగ నడుస్తనే ఉన్నది గదా," అన్నాడు. "వచ్చే కిస్తు తయారు పెట్టుకో."