దవాఖాన రంగు

ఏసమ్మకు దేవుడి మీద కూడా ఎన్నడూ రానంత కోపం ‘రెండూ ఒకటే’ అన్న మాట మీద వచ్చింది.

సూర్యాపేటలో ఓ సర్కారు దవాఖానలో, కాన్పుల వార్డు ఆయాగా చేసి రిటైరైన మనిషి ఆమె. వీడ్కోలు సభలో సేవామూర్తి అన్నారు, అమ్మలకే అమ్మ అన్నారు, శాలువా కప్పారు. “సేవ గాదు సార్, నౌకరి” అని మైకులోనే చెప్పింది. వినయం అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. వినయమేమీ కాదు, నిజం.

డ్యూటీ ఉన్న రాత్రి వార్డు వరండాలో, లేని రాత్రి ఇంట్లో పిల్లల మధ్య ఓ మూలన పడుకుంటూ ఉద్యోగమంతా గడిపింది. గరిడేపల్లిలో పాత ఇంటిని ఆనుకుని ఇప్పుడు కట్టిన గదే ఆమెకు మొదటిసారి సొంతం. రంగు తానే ఎంచుకుంటానంది. పెరట్లో సీతాఫలం ఒకటి తెంపి, సంచిలో వేసుకుని కోదాడ వెళ్లింది. దుకాణంలో రంగుల కార్డు పక్కన కాయ పెట్టి చూసింది. బూడిద కలిసిన ఆకుపచ్చలు రెండు తేలాయి. ఒకటి అచ్చం ఆ కాయ తోలు. రెండోది కాస్త నీలానికి మొగ్గింది.

“రెండూ ఒకటేనమ్మా, గోడకేశాక తేడా తెలీదు” అన్నాడు దుకాణం వెంకన్న.

“తెల్వకపోతే రెండు పేర్లెందుకు పెట్టిన్రయ్యా?”

కాయ రంగే పంపమని చెప్పి, మిర్యాలగూడలో చెల్లెలింటికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి గది తయారు. రెండో రంగుతో. ఆమె చెప్పింది స్టాకు లేదట. భర్త ప్రభుదాస్ ఆమెకు ఫోనైనా చేయకుండా సరేనన్నాడు. ఆయన రిటైర్డ్ టీచరు. భార్యలను ఎట్లా ప్రేమించాలో ఆదివారాలు చర్చిలో చక్కగా చెబుతాడు.

“గిదేంది?”

“రెండు ఒకటేనే. ఏం ఫరక్ పడతది?”

“దవాఖాన రంగు గిది. జీతమిస్తే సూసిన గోడ. ఇంటికాడ ఉత్తగ సూడాల్నా?”

“నీ కండ్లద్దాలు మార్చాలె. రంగుదేముంది, మనసు మంచిగుండాలె.”

మనసు మాట వినగానే ఆమె మంచం పట్టుకుంది. తనది కాదు, ఆయనది. ఆ మంచాన్నీ, ఆయన సన్మానాల శాలువాలనూ, ఫ్రేములు కట్టించిన ఫొటోలనూ కొత్త గదిలోకి ఈడ్చి పడేసింది. తన పెట్టె తెచ్చి ఆయన గదిలో పెట్టుకుంది.

“ఒకటే గద సారూ. ఇగ గీడనే పండుకో. మనసు మంచిగ పెట్టుకొని పండుకో.”

ఇరుగుపొరుగు వచ్చి సర్దుకుపొమ్మన్నారు, ఆమెనే. ఇన్నేళ్లూ సర్దుకున్నదెవరో ఒక్కరూ అడగలేదు.

నాలుగు రోజులు గడిచాయో లేదో, మధ్యాహ్నం కునుకు మధ్యలోనే ప్రభుదాస్ లేచొచ్చి తలుపు తట్టాడు.

“ఏసమ్మా, గా గదిల పండుకుంటే దవాఖానల అడ్మిటైనట్టే ఉన్నదే.”

ఆమె నవ్వలేదు. “అద్దాలు ఎవలు మార్చాలె? కోదాడకు ఫోన్ కొట్టు.”

కొట్టాడు. అవతల వెంకన్న ఏమన్నాడో గానీ ప్రభుదాస్ ఒక్కసారి అరిచాడు. “రెండు ఎట్ల ఒకటైతయయ్యా? కండ్లు లేవా నీకు?”

ఆ అరుపు విన్నా ఏసమ్మ తలుపు తీయలేదు.

“రంగు డబ్బా రానియ్” అంది లోపలి నుంచే.