బండివాడు నిద్రపోతే బండి కదలదనుకున్నాం

నా చిన్నప్పుడు రేపల్లెలో మా వీధికీ మా బడికీ మధ్య ఉన్నది ఒక్క రోడ్డే. మామూలు రోజుల్లో కళ్ళు మూసుకుని దాటేసే రోడ్డు అది. నూర్పిళ్ళు అయిపోయి ధాన్యం మిల్లులకు రావడం మొదలైందంటే మాత్రం నెలా రెండు నెలలపాటు దాని వాలకమే మారిపోయేది. బస్తాలు వేసుకున్న ఎడ్లబళ్ళు రైసు మిల్లు గేటు దగ్గర్నుంచి స్టేషను మలుపు దాకా ఒకదాని వెనక ఒకటి నిలబడేవి. వెనక బండి ఎడ్ల మూతులు ముందు బండి బస్తాలకు తగులుతుండేవి, అంత దగ్గరగా. పక్కన మిగిలిన కాస్త జాగాలోనే తెనాలి రైలు దిగినవాళ్ళ రిక్షాలు, జట్కాలు, పల్లెటూళ్ళకు పోయే బస్సు, దాని హారను మోత. ఇప్పటివాళ్ళు ట్రాఫిక్ జామ్ అనేదాన్ని తామే కనిపెట్టినట్టు మాట్లాడుతుంటే నాకు నవ్వొస్తుంది.

బడికి ఇంకో దారి లేకపోలేదు. మిల్లు వెనకగా కాలవ గట్టు మీద నడిచి, చుట్టూ తిరిగి వెళ్ళొచ్చు. ఆ సీజన్లో అలాగే వెళ్ళమని మా అమ్మ రోజూ చెప్పేది, నేను రోజూ తలూపేదాన్ని. అప్పుడు నేను ఐదో తరగతి, మా తమ్ముడు ఒకటో తరగతి. గట్టు మీదనుంచి వెళితే పావుగంట ఎక్కువ పడుతుంది, గంట కొట్టాక వెళితే పెద్ద మాస్టారు ఎండలో నిలబెడతారు. అందుకని మా వీధి పిల్లలందరం బళ్ళ కిందనుంచి దూరి అవతలికి పోయేవాళ్ళం.

దూరడానికి మాకొక పద్ధతి ఉండేది. ముందు బండివాడు ఏం చేస్తున్నాడో చూడాలి. మెలకువగా ఉంటే చర్నాకోల ఎత్తి కేకలేస్తాడు, ఆ బండి వద్దు. బస్తాల మీద కండువా కప్పుకుని నిద్రపోతున్నా, అసలు బండి దగ్గరే లేకపోయినా ఇక భయం లేదు. తోలేవాడు లేకుండా బండెలా కదులుతుంది? ఇంత తెలివి మాకెవరూ నేర్పలేదు, మాకు మేమే కనిపెట్టుకున్నామని గొప్పగా ఉండేది.

మా తాతయ్య, అంటే మా అమ్మ వాళ్ళ నాన్న, రేపల్లెకు నాలుగు మైళ్ళ దూరంలో ఉండేవాడు. ఏటా తన ధాన్యం తనే బండికేసుకుని మిల్లుకు తెచ్చేవాడు. ఆ ఏడు వరుస పొడుగ్గా ఉండి మొదటిరోజు ఆయన వంతు రాలేదు. బండికి తోటివాణ్ణి కాపలా పెట్టి సాయంత్రం మా ఇంటికి భోజనానికి వచ్చాడు. వచ్చాడంటే ఇల్లంతా సందడిగా ఉండాలి. ఆ పూట ముభావంగా కూర్చున్నాడు. అన్నంలో చెయ్యిపెట్టి మా తమ్ముడి వంకే చూస్తూ ఉండిపోయాడు. ఒంట్లో బాగాలేదా అని అమ్మ అడిగితే, "బానే ఉన్నానమ్మా" అన్నాడు. అంతే.

మర్నాడు పొద్దున మాతోపాటు తనూ బయల్దేరాడు. కాలవ గట్టు వైపు తిరగకుండా తిన్నగా బళ్ళ వరుస దగ్గరికే నడిపించాడు. మా సందుకు ఎదురుగా నిలబడి ఉన్నది ఆయన బండే.

"ఇక్కడ ఎట్టా దాటతారమ్మాయ్ మీరు?" అన్నాడు.

తిట్టే గొంతు కాదది. నాకు హుషారొచ్చి మా పద్ధతంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన అంతా విన్నాడు. తమ్ముడి సంచిలోంచి పలక తీసి, బండి చక్రానికి బెత్తెడు ముందు నేలమీద పెట్టాడు. చెక్క చట్రం ఉన్న కొత్త పలక.

"నేను పైకెక్కి పడుకుంటా. మరి నా బండి కదులుద్దా?"

"నువ్వు నిద్రపోతే ఎట్టా కదులుద్ది తాతయ్యా!" అన్నాను.

ఆయన బస్తాల మీదకెక్కి, పగ్గాలు వదిలేసి, కండువా మొహాన కప్పుకున్నాడు. తమ్ముడికి ఇదంతా ఆటలా ఉంది, పకపకా నవ్వుతున్నాడు. కాసేపటికి ముందెక్కడో మిల్లు గేటు తీశారు. ఒక్కొక్క బండే కదలడం మొదలైంది. మా ముందు బండి కదిలింది. అంతే, తాతయ్య ఎడ్లు రెండూ తలలెత్తి అడుగేశాయి. ఎవరూ అదిలించలేదు, ఎవరూ పగ్గం లాగలేదు. ఇనుప పట్టా వేసిన చక్రం పలక మీదుగా వెళ్ళిపోయింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు, అప్పడం విరిగినట్టయింది. చూస్తే చక్రం జాడలో నల్లటి పిండి, చట్రం పుల్లలు.

తమ్ముడు పలక కోసం భోరుమన్నాడు. నాకు ఏడుపు రాలేదు. ముందురోజు సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మేము దూరింది అదే సందు ఎదుట. నేను అవతలికి వెళ్ళిపోయాను. వెనక వస్తున్న తమ్ముడి చొక్కా బండి అడుగున ఏదో మేకుకు పట్టుకుంది. వాడు చక్రం ముందు బోర్లా పడి గింజుకుంటున్నాడు. నేను వాడి చెయ్యి పట్టి లాగుతున్నాను. లాగుతూ నవ్వుతున్నాను. చొక్కా పర్రున చిరిగి బయటికొస్తే, అమ్మకు ఏం చెప్పాలా అన్నదే మా ఇద్దరి బెంగ.

తాతయ్య కిందికి దిగాడు. వరుస అట్టే కదలక ముందురోజునుంచీ అక్కడే ఉన్న ఆయన బండి కిందే, ఎవరిదో తెలియక, మేము దూరింది. అప్పుడాయన రోడ్డుకు అవతల టీ కొట్టు దగ్గరున్నాడట. మనవణ్ణి చూశాడట. మధ్యలో రిక్షాలు, బస్సు. పరిగెత్తుదామంటే దారి లేదు.

"నోరు తెరిచానే గానీ మాట రాలేదమ్మాయ్. ముందు బండోడు ఆ ఒక్క నిమిషం కదల్లేదు. కదిలుంటే..." అని ఆపేశాడు.

ముందు బండి కదిలితే తన ఎడ్లు వాటంతట అవే అడుగేస్తాయని ఆయనకు తెలుసు. ఏళ్ళ తరబడి చేయించిన అలవాటది. మా ఎడ్లకు మనిషే అక్కర్లేదని ఊరంతా చెప్పుకుని మురిసేవాడు. ఆ ధీమాతోనే బండి వదిలి టీ తాగడానికి వెళ్ళాడు. అంత పెద్దమనిషి, ఆరేళ్ళ తమ్ముణ్ణి గుండెలకదుముకుని నడిరోడ్డు మీద ఏడుస్తుంటే నాకు ఆ చక్రాన్ని చూసినదానికంటే ఎక్కువ భయం వేసింది. పెద్దవాళ్ళక్కూడా ఇలాంటి పొరపాట్లు జరుగుతాయని అప్పటిదాకా నాకు తెలియదు.

కళ్ళు తుడుచుకుని ఆయన ఊరుకోలేదు. వరుస పొడుగునా నడిచి ఒక్కో బండివాడికీ చెప్పాడు, మా సందుకు ఎదురుగా ఒక బండి పట్టేంత ఖాళీ వదలమని. చాలామంది సరేనన్నారు. ఒకతను మాత్రం, "ఖాళీ ఇస్తే ఎవడో ఒకడు మధ్యలో దూరతాడు బాబాయ్, మా వంతు పోద్ది" అని అడ్డం తిరిగాడు. "ఎవడైనా దూరితే నీ బండి నా స్థానంలో పెట్టుకో. నేను నీ వెనక్కి పోతా" అన్నాడు తాతయ్య. నిజంగానే ఎవరో జొరబడ్డారు. తాతయ్య మాట తప్పలేదు, రెండు రోజులు కాచుకున్న వంతు వదులుకుని వెనక్కి వెళ్ళాడు. అది చూశాక ఆ ఖాళీలోకి మరెవరూ బండి తోలలేదు.

ఆ సీజనంతా, ఆ తర్వాతి ఏళ్ళల్లో కూడా, బడి వేళకు ఆ ఖాళీ దగ్గర ఎవరో ఒక బండివాడు ఎడ్ల ముందు నిలబడేవాడు. వరుస కదిలే ముందు వెనకనుంచి కేక వినిపించేది, "పిల్లలు దాటారా?" అని. "దాటారు" అని జవాబొస్తేనే ఎడ్లు కదిలేవి. తాతయ్య బతికున్నన్నాళ్ళూ కాడి కట్టిన బండిని వదిలి పక్కకు వెళ్ళింది లేదు.

నాకిప్పుడు డెబ్భై దగ్గర పడ్డాయి. బాపట్లలో ఉన్న మా కోడలికి రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు ఫోను చేస్తాను. బాగున్నారా, తిన్నారా అని కాదు, పిల్లలు దాటారా అనే అడుగుతాను. మొదట్లో ఆ అమ్మాయి నవ్వేది. "ఇక్కడ దాటడానికి రోడ్డేమీ లేదండీ అత్తయ్యా, బడి మా పక్క వీధే" అనేది. ఈ మధ్య నా తీరు తెలిసి, "దాటారండీ" అనేసి ఊరుకుంటోంది. ఆ మాట విన్నాకే, మా తమ్ముడు ఆ బండి కిందనుంచి బయటికొచ్చినట్టు ఉంటుంది నాకు.