ఎదురుకాళ్ల ఈశ్వరమ్మకు నడుము పట్టిన సంగతి

మోతె ఊళ్లో ఈశ్వరమ్మ ఎడమకాలికి ఉన్న మర్యాద సర్పంచికి కూడా లేదు. ఆమె పుట్టేటప్పుడు కాళ్లు ముందు పెట్టి లోకంలోకి వచ్చింది. అట్లా ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు పాదం తాకిస్తే నడుము పట్టు వదులుతుందని ఆ చుట్టుపక్కల నమ్మకం. ఆదివారం వచ్చిందంటే నాట్లకు వంగి వంగి నడుము పట్టేసిన ఆడవాళ్లు, ట్రాక్టరు కుదుపులు తిన్న మగవాళ్లు ఆమె వాకిట్లో బోర్లా పడుకునేవాళ్లు. ఈశ్వరమ్మ కుచ్చెళ్లు కాస్త పైకి పట్టుకుని, మహారాణిలా నడిచొచ్చి పాదం తాకించేది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. పొగిడితే మాత్రం వద్దనేది కాదు.

కిందటి వానాకాలం చినుకులు మొదలైతే, యూరియా బస్తా తడుస్తుందని కంగారుగా వంగి ఎత్తి, అట్లాగే పక్కకు తిరిగింది. నడుములో ఏదో పటుక్కుమంది. బస్తా జారిపోయింది, ఆమె వంగినది వంగినట్టే ఉండిపోయింది. భర్త పెద్దయ్య వచ్చి, ఏదో పారేసుకుందనుకుని, తనూ వంగి కాసేపు వెతికాడు.

ఊరంతా పరామర్శకు వచ్చింది. వచ్చినవాళ్లంతా ఆమె పాదం వంక చూసి నిట్టూర్చారు. తన కాలు తన నడుముకు అందదు కదా. కదిలితే వెన్నుపూస జారుతుందని ఎవరో అన్నారు. ఆ మాట పట్టుకుని ఈశ్వరమ్మ మంచం దిగడమే మానేసింది. నడుము ఇంకా బిగుసుకుంది.

ఇంతలో మిర్యాలగూడలో బియ్యం మిల్లు గోవర్ధన్ సేటు కూడా ఎదురుకాళ్లవాడేనని తెలిసింది. ఆటోలో మూలుగుతూ వెళ్లింది. తెలిస్తే హమాలీలంతా మిల్లు ముందు బోర్లా పడుకుంటారని ఆయన ఆ సంగతి బతుకంతా దాచుకున్నాడట. పెద్దదానివి, నీకు కాలు తాకిస్తే పాపమని తప్పించుకోబోయాడు.

"పాపం సంగతి నేను సూసుకుంట సేటూ. నువ్వు జర కాలు లేపు" అంది ఈశ్వరమ్మ.

ఒంటికాలి మీద నిలబడబోయిన సేటు, అమ్మా అంటూ బల్ల పట్టుకున్నాడు. చొక్కా కింద నడుము బెల్టు కనిపించింది. గద్దె మీద పొద్దంతా కూర్చుని కూర్చుని ఆయనకూ నడుము నొప్పే. సిగ్గుపడుతూ, తనకు కసరత్తులు నేర్పుతున్న కోదాడ అమ్మాయి దగ్గరికి పొమ్మన్నాడు. పేరు నవనీత, ఊరు కోదాడైనా సూర్యాపేటలో ఫిజియోథెరపీ చేస్తుంది.

సూర్యాపేటలో నవనీత ఈశ్వరమ్మను పడుకోబెట్టి, ఆమె కాళ్లు ఎత్తించి చూసింది. తిమ్మిర్లున్నాయా, మూత్రం సరిగా వస్తోందా, జ్వరముందా, ఎక్కడైనా పడ్డారా అని అడిగింది. భయపడాల్సిందేమీ లేదని, ఇవాళ్టి నుంచే నడవమంది.

"నడుము పట్టినోళ్లను నడవమంటవా బిడ్డా?"

"పడుకుంటే కండరాలు ఇంకా బిగుసుకుంటాయి పెద్దమ్మా. ఓర్చుకోగలిగినంత కొంచెం కొంచెం తిరగండి."

బరువెత్తడం కూడా చూపించింది. మోకాళ్లు వంచి కిందికి దిగాలి, బరువును ఒంటికి ఆనించుకుని లేవాలి, తిరగాలంటే నడుము మెలిపెట్టకుండా పాదాలు జరపాలి. అంత బస్తా అయితే ఇంకొకర్ని పిలవాలి. లేచేముందు ఈశ్వరమ్మ, తన కాలు తాకితే పట్టు వదలడం నిజమేనా అని మెల్లగా అడిగింది. నవనీత నవ్వలేదు.

"చాలామందికి ఈ పట్టు కొన్నాళ్లకు దానంతటదే తగ్గుతుంది పెద్దమ్మా. మీరు తాకారన్న ధైర్యంతో వాళ్లు లేచి పనుల్లోకి వెళ్లారు చూడండి, ఆ లేవడమే మందు."

మోతె చేరేదాకా ఈశ్వరమ్మ తన ఎడమపాదం వంకే చూసుకుంది. ఇన్నేళ్ల పేరు కాలిది కాదంటే అంత తేలిగ్గా మింగుడు పడదు. మర్నాడు మాత్రం గోడ పట్టుకుని నల్లా దాకా నడిచింది. తర్వాత వీధి చివరికి, ఆపైన ఊరవతల చెలక దాకా. నాట్లు ముగిసేసరికి నిటారుగా నిలబడింది.

జనం మళ్లీ వాకిట్లో పడుకున్నారు. వద్దనడానికి ఆమెకు నోరు రాలేదు. పాదం తాకించింది, ఆ వెంటనే లేపి వాకిలి చుట్టూ నడిపించింది, మోకాళ్లు వంచి బిందె ఎత్తడం నేర్పింది. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయన్నవాళ్లను ముట్టుకోకుండా సూర్యాపేట దవాఖానకు పంపించింది.

"తొక్కిచ్చుకోని పోదామని వస్తే గుంజీలు తీపిస్తున్నవేందత్తా?" అని ఒక ట్రాక్టరు డ్రైవరు గొణిగాడు.

"కాలు నాది, నడుము నీది. ఊకె గొణగకు, మోకాళ్లు వంచు" అంది.

ఆదివారాల్లో వాకిలి ఇప్పుడు కాస్త పలచబడింది. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రావాల్సిన పని పడటం లేదు. అందుకు ఈశ్వరమ్మకు సంతోషమే. కాకపోతే వాకిట్లో ఎవరూ లేని ఆదివారం మాత్రం, గడప దగ్గర నిలబడి, దారిన పోయేవాళ్లు ఎట్లా నడుస్తున్నారో ఒక కంట కనిపెడుతూనే ఉంటుంది.